చాలు అన్న మనిషి

కిరండూల్ రైల్వే కాలనీలో నీళ్ళ పంపు నడిపే సన్యాసిరావు అన్నం దగ్గర కూర్చుంటే "చాలు" అనడు. వడ్డిస్తున్నప్పుడు కంచం మీద అరచెయ్యి అడ్డం పెడతాడు. ఆ చేతి మీద వేడి వేడి చారు ఎన్నిసార్లు పడిందో. పెళ్ళిభోజనాల్లో వడ్డించేవాళ్ళు "నోటితో చెప్పొచ్చు కదా మావయ్యా" అని విసుక్కుంటారు. ఆయన నవ్వడు, చెప్పడు. భార్య ప్రమీలారాణి మొగుడి తిక్కల్లో ఇదొకటి అనుకుని వదిలేసింది.

తొంభై ఎనిమిదిలో ఆ మాట ఆయన నోట్లోంచి రావడం వల్లే ప్రమీలారాణి తమ్ముడు జయరావు చచ్చిపోయాడు. నింద మాత్రం సోమారు అనే ఇంకో మనిషి మీద పడింది. అసలు సంగతి సన్యాసిరావు ఎవరికీ చెప్పలేదు. చెప్తే ప్రమీలారాణి తన మొహం చూడదని భయం. రెండువేల పదిహేడులో మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో డాన్సు చేసేవాళ్ళకీ నాటకాలేసేవాళ్ళకీ ఐదురోజుల ఉచిత శిబిరం జరగకపోయుంటే ఎప్పటికీ చెప్పేవాడు కాదేమో.

ఆయనది గజపతినగరం దగ్గర పల్లె. పంతొమ్మిదో ఏట, ఈ లైను మీద గ్యాంగ్‌మన్‌గా ఉన్న మేనమామ వెంట కిరండూల్ వచ్చాడు. కొండల మీంచి ఇనుపరాయి దిగడం, విశాఖ వైపు గూడ్సు బళ్ళు పోవడం, ఆరేసిన బట్టల మీద ఎర్రదుమ్ము వాలడం, అన్నిటికీ నెల తిరక్కుండానే అలవాటు పడ్డాడు. మేనమామ కూతురే ప్రమీలారాణి. ఏడో తరగతి దాకా చదివింది. పెళ్ళయిన కొత్తలో ఆమెకి ఆయనలో నచ్చనిది ఒక్కటే, పల్లెటూరి మాట. వాళ్ళ ఊళ్ళో అందరిలాగే ఆయన 'చ'ని 'స' అనేవాడు.

"సాలు కాదు బావా, చాలు. చా. నాలిక పైకెత్తు. కాలనీలో ఆడోళ్ళు నవ్వుతున్నారు."

"నాలిక పైకెత్తితే అన్నం ఎలగ తింతాను?"

"తిన్నాక ఎత్తు."

అలా నేర్పింది. ఏడాదికల్లా ఆయన నోట్లో 'సా' పోయి 'చా' వచ్చింది.

నోటి మాట సంగతి ఎలా ఉన్నా ఒంటి మాటలో ఆయనకి ఎదురు లేదు. తప్పెటగుళ్ళు ఆడేవాడు. గుండెకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో, రెండు చేతులా వాయిస్తూ ఎగురుతూ పాడే ఆట. కాలనీలో పదిమందితో దళం కట్టాడు. తను ముందు నిలబడి ఏ అడుగు వేస్తే మిగతావాళ్ళు ఆ అడుగు వెయ్యాలి. అడుగు ఎప్పుడు మారుస్తాడో ఆయనకే తెలీదు. ఒకసారి అమ్మవారి పండగలో వాన మొదలైతే, అప్పటిదాకా ఆడుతున్నది ఆపి, వాన చినుకులు రేకు మీద పడ్డట్టు వేళ్ళతో వాయించడం మొదలుపెట్టాడట. తడుస్తూనే జనం కదల్లేదట. ఆ దళంలో ఆయన పక్కనే ఎగిరేవాడు జయరావు, బావమరిది.

బావా బావమరుదులిద్దరూ పనిచేసింది రైల్వేలో కాదు. లైనుకి కంకర కొట్టే ఒక చిన్న కాంట్రాక్టరు క్రషర్‌లో. ఇప్పుడు అది లేదు, షెడ్డు కూడా లేదు. కంకర మోసే బెల్టు కింద పేరుకున్న రాయి లాగడం జయరావు పని. రేకుల గదిలో స్విచ్ దగ్గర సోమారు కూర్చునేవాడు. సోమారుది కొండ వెనక గోండు పల్లె, తెలుగు రాదు. ఇద్దరికీ మధ్య నిలబడి కేక వెయ్యడం సన్యాసిరావు పని. అక్కడ తెలుగువాళ్ళు, గోండులు, హల్బీ మాట్లాడేవాళ్ళు అందరూ కలిసి ఉండేవాళ్ళు కాబట్టి పని చూసే మున్షీ హిందీలో రెండే రెండు మాటలు ఖాయం చేశాడు. ఆపాలంటే 'బంద్'. నడిపించాలంటే 'చాలూ'. మూడో మాట స్విచ్ గదికి వినపడకూడదు.

తొంభై ఎనిమిది అక్టోబరు. పొద్దున్న పది గంటలు. 'బంద్' అన్నాక బెల్టు ఆగింది, జయరావు కిందకి దూరాడు. టీ వచ్చింది. జయరావు ఇంకా లాగుతూనే ఉన్నాడు. పక్క మిషను మోత. సన్యాసిరావు టీ గ్లాసు పట్టుకుని వంగి, గట్టిగా అరిచాడు.

"చాలు జయా! చాలు, చాలు, వచ్చీ! టీ చల్లారిపోతంది!"

రేకుల గదిలో సోమారుకి వినపడింది ఒకటే మాట. చాలూ, చాలూ. నొక్కాడు.

ఆ తర్వాతది రాయను.

సాయంత్రం మున్షీ అందర్నీ నిలబెట్టి అడిగాడు. సోమారు ఒకటే చెప్పాడు, సన్యాసి 'చాలూ' అన్నాడు, నేను నొక్కాను అని. మున్షీ సన్యాసిరావు వైపు తిరిగి, నువ్వు చాలూ అన్నావా అని అడిగాడు.

"తూనే చాలూ బోలా థా క్యా?"

"నహీఁ. మైనే చాలూ నహీఁ బోలా."

అబద్ధం కాదు. ఆయన హిందీ 'చాలూ' అనలేదు, తెలుగు 'చాలు' అన్నాడు. మున్షీ ఇంకో ప్రశ్న వేసి ఉంటే ఏం చెప్పేవాడో ఆయనకే తెలీదు. మున్షీ వెయ్యలేదు. సోమారు పండగ మర్నాడు పన్లోకి వచ్చాడు కాబట్టి తాగి ఉన్నాడని తేల్చేశారు. పన్లోంచి తీసేశారు. చుట్టుపక్కల ఏ క్రషరూ వాణ్ణి మళ్ళీ పెట్టుకోలేదు. తాగి మనిషిని బెల్టులో తోసినోడు అనే పేరు కొండ దాటి వాడి పల్లె దాకా వెళ్ళింది. శిబిరానికి రెండేళ్ళ ముందు జ్వరంతో పోయాడు, ఆ పేరుతోనే.

సోమారు పెళ్ళాం ప్రతి వారం కిరండూల్ సంతలో చింతపండు అమ్ముతుంది. ప్రమీలారాణి ఆ బుట్ట ముందు ఆగి, ఉమ్మేసి, అప్పుడు ముందుకి నడిచేది. ప్రతి వారం. సన్యాసిరావు సంచీ పట్టుకుని నాలుగడుగులు వెనక నిలబడేవాడు.

తప్పెట ఆ అక్టోబరు తర్వాత కట్టలేదు.

శిబిరం నడపడానికి వచ్చింది రామతులసి. మా కాలనీలోనే పుట్టింది, వాళ్ళ నాన్న బుకింగ్ క్లర్కు. రాయ్‌పూర్‌లో నాటకాలు చేస్తుంది. గేటుకి కట్టిన బ్యానరు మీద హిందీలోనూ తెలుగులోనూ రాయించింది: ఆడేవాళ్ళు, పాడేవాళ్ళు, వేషం కట్టేవాళ్ళు ఎవరైనా రావచ్చు, డబ్బేమీ కట్టక్కర్లేదు. ముందే రాసుకున్న మాటలు, ముందే నేర్చుకున్న అడుగులు ఉండవు, ఎదుటివాడు చేసిందాన్ని బట్టి అక్కడికక్కడ పుట్టించాలి. ఆమె దాన్ని 'అప్పటికప్పుడు' అనేది. "ఇవాళ అప్పటికప్పుడు పదింటికి" అని మేం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకునేవాళ్ళం.

మొదటిరోజే పంపు గదికి వెళ్ళి సన్యాసిరావుని పట్టుకుంది.

"మావయ్యా, చిన్నప్పుడు మీ వాన ఆట చూశాను. నేను చేస్తున్నదంతా దానికి నకలు. ఒక్కసారి వచ్చి కూర్చోండి."

"నాకు మోకాళ్ళు పోయాయమ్మా."

"మోకాళ్ళతో పనేముంది, చేతులున్నాయిగా."

"పంపు ఎవరు చూస్తారు?"

"ఐదురోజులు కాలనీ మురికిగా ఉంటే కొండలు కూలవు లెండి."

నవ్వి ఒప్పుకున్నాడు. తప్పెట అటక మీంచి దించి, తుడిచి తెచ్చాడు. హాల్లో నాతో కలిపి పదకొండుమందిమి గుండ్రంగా కూర్చుని పేర్లు చెప్పుకున్నాం. ఆయన పక్కన ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. బట్టల కొట్లో పనిచేస్తుంది, పెళ్ళిళ్ళలో డాన్సు చేసే గ్రూపులో ఉంది. హిందీలో చెప్పింది, "నా పేరు జోగే. మా నాన్న పేరు సోమారు. ఇక్కడ క్రషర్‌లో ఉండేవాడు. మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు."

వినే ఉంటారు అనడంలో దెప్పు ఉంది. ఎవరూ తల ఎత్తలేదు. ఆ తర్వాత పేరు చెప్పుకోవాల్సింది సన్యాసిరావు. తప్పెట మీదకి వంగి తాడు ముడి విప్పుతూ కూర్చున్నాడు. రామతులసే చెప్పింది.

మర్నాడు రాడేమో అనుకున్నాను. వచ్చాడు. అందరికంటే ముందే వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

మూడోరోజు రామతులసి ఇద్దరిద్దర్ని జతలు చేసింది. ఒకళ్ళు కేక వెయ్యాలి, ఒకళ్ళు కదలాలి.

"ఎవరింట్లో మాట్లాడే భాషలో వాళ్ళు పిలవండి. అవతలివాళ్ళకి అర్థం కాకపోయినా పర్లేదు. అర్థం గురించి ఆలోచించకండి. చెవిలో ఏది పడితే ఒళ్ళు దాని ప్రకారం పోవాలి."

సన్యాసిరావు జత జోగే. ఆమెకి తెలుగు రాదు. ఆయన తప్పెట వాయిస్తూ "ఎగురు" అన్నాడు. ఆమె కూర్చుంది. "కూకో" అన్నాడు. ఆమె కోయిలనుకుందేమో, రెక్కలు చాచి తిరిగింది. హాలంతా నవ్వు. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆయన మొహం మీద నిజమైన నవ్వు ఆ రోజే చూశామని కాలనీ పెద్దవాళ్ళు తర్వాత అన్నారు. చేతులు పాత వేగం అందుకున్నాయి. పావుగంట అయ్యేసరికి జోగేకి చెమటలు పట్టాయి, ఆయనకి ఆయాసం వచ్చింది. ఆటలో పడి ఒళ్ళు మరిచిపోయాడు. పిల్ల అలిసిపోయింది, ఇంక ఆపించాలి అనిపించిందంతే.

"చాలు," అన్నాడు.

జోగే వేగం పెంచింది.

"చాలమ్మా! చాలు, చాలు!"

ఇంకా పెంచింది. ఆమె చెవికి అది నడిపించు, నడిపించు. జుట్టు విప్పుకుపోయింది, కాళ్ళు కనపడటం లేదు. తెలుగూ హిందీ రెండూ వచ్చిన వాళ్ళం పొట్టలు పట్టుకుని నవ్వాం. వెనకనించి ఎవరో "ఒరే నాయనా, ఆయన బ్రేకేస్తున్నాడు, ఈ పిల్ల గేరు మారుస్తంది" అన్నారు. రామతులసి చప్పట్లు కొడుతూ "వదలకండి మావయ్యా, దీన్నే పట్టుకోండి!" అంది.

సన్యాసిరావు చేతులు ఆగిపోయాయి. జోగే కూడా ఆగింది, రొప్పుతూ.

ఆయన ఆమె వైపే చూస్తూ తెలుగులో మాట్లాడాడు. గొంతు పెద్దది కాదు. "ఇలగే అన్నాను. నేను ఆపమనలేదు, నడపమనలేదు. ఆడికి చెప్పాను, జయకి. చాలు, వచ్చీమన్నాను. సోమారుకి నడిపించమన్నట్టు వినపడింది. సోమారు తాగలేదు. నేను మున్షీకి అనలేదని చెప్పాను. సోమారు తాగలేదు."

తర్వాత చప్పట్లు. గట్టిగా కొట్టాం. నేనూ కొట్టాను. అంత బాగా, అంత హఠాత్తుగా ఆట నుంచి కథలోకి వెళ్ళిపోయాడు అనుకున్నాం. రామతులసి కళ్ళు తుడుచుకుంటూ "ఇది ఆఖరిరోజు చేస్తున్నాం, ఇది తప్పకుండా చేస్తున్నాం" అంది.

జోగే చప్పట్లు కొట్టలేదు. తెలుగు అర్థం కాకపోయినా తండ్రి పేరు మూడుసార్లు విన్నది. ఏమన్నాడని రామతులసిని అడిగింది. రామతులసి ఉత్సాహంగా హిందీలో చెప్తూ సగంలో గొంతు తగ్గించింది. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, సోమారు ఎవరో.

"మేరే బాప్ కో నాటక్ మే డాలా?" అని అరిచింది జోగే. మా నాన్నని ఆటలో పెట్టారా అని. "బతికుండగా చేసింది చాలకా కాకా? ఇప్పుడు చప్పట్లకి కూడా మా నాన్నే కావాలా?"

చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి నడిచింది. సన్యాసిరావు తప్పెట మెడలో ఉండగానే వెనక పరిగెత్తాడు. ఇన్‌స్టిట్యూట్ మెట్ల కింద సైకిళ్ళ దగ్గర ఆపాడు. నేను గుమ్మంలో ఉన్నాను. మాట్లాడింది హిందీలోనే.

"ఆట కాదు బేటీ. నిజం చెప్పాను."

"నిజమా? అప్పుడు అడిగితే అనలేదన్నారు కదా. నాన్న చచ్చేదాకా చెప్పాడు, సన్యాసి చాలూ అన్నాడు అని. అమ్మ కూడా నమ్మలేదు."

"మున్షీ అడిగింది చాలూ అన్నావా అని. నేను అన్నది చాలు. మా భాషలో అది వేరు."

జోగే ఆయన్ని ఎగాదిగా చూసింది. "రెండూ ఒక్కలాగే ఉన్నాయి."

"మా వాళ్ళకి వేరే బేటీ."

"నాన్నకి?"

తప్పెట తాడు మెడ మీంచి తియ్యబోయాడు, చెవికి తట్టుకుంది.

"నాకు చెప్తే ఏం లాభం," అంది జోగే. "సంతలో మా అమ్మ ముందు ఉమ్మేది నేను కాదు కదా. మీ ఇంట్లో చెప్పండి ముందు. తర్వాత కాయితం మీద రాసివ్వండి. మా గ్రామసభలో చదువుతాను." సైకిలెక్కి వెళ్ళిపోయింది.

ప్రమీలారాణి ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఈ భాగం ఆయన తర్వాత నాకు చెప్పింది. ఆయన చెప్తున్నంతసేపూ ఆమె తొక్కుడు ఆపలేదు. జాకెట్టు చెయ్యి అయిపోయినా సూది ఉత్తి గుడ్డ మీద నడుస్తూనే ఉంది.

చెప్పడం అయ్యాక అంది, "ఏటన్నావో మళ్ళీ అను."

"చాలు జయా, చాలు, వచ్చీ అన్నాను."

"అలగ కాదు. ఆ రోజు ఎలగ అన్నావో అలగ."

ఆయన లేచి నిలబడి అరిచాడు. పక్క క్వార్టరు కిటికీ తెరుచుకుంది. ప్రమీలారాణి మిషను ఆపింది.

"అయితే మా వోడు విన్న ఆఖరి మాట అదేనన్నమాట."

"ఊ."

"సాలు అని ఉంటే?"

ఆయనకి అర్థం కాలేదు.

"నీ ఊరి మాట, బావా. సాలు జయా అని అరిచుంటే ఆ సోమారుకి ఏటి వినపడేది? ఏటీ వినపడేది కాదు. నేనే కదా, నాలిక పైకెత్తు అని..." నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నీదేటి తప్పు," అన్నాడాయన.

"నీది కాదు, నాది కాదు, ఆడిదీ కాదు. మరి పంతొమ్మిదేళ్ళు నేను ఎవరి మీద ఉమ్మాను?" గొంతు అప్పుడు లేచింది. "నువ్వు ఎనకాల నించునే ఉన్నావు కదా! సంచీ పట్టుకుని నించున్నావు. ప్రతి వారం చూశావు. ఒక్క వారం నా చెయ్యి పట్టుకుని లాగలేపోయావా? మాట నోరు జారింది, సరే. ఆ ఉమ్ము కూడా నోరు జారిందా?"

ఆ రోజు నించి ఆమె వండి మూత పెట్టేది. వడ్డించడం మానేసింది.

నాలుగోరోజు శిబిరానికి ఆయన రాలేదు, జోగే రాలేదు. రామతులసి ఆ జత గురించి ఒక్క మాట అనలేదు. మేం చేసిన ప్రతి కసరత్తూ చప్పగా ఉంది. చప్పట్లు కొట్టాల్సి వచ్చినప్పుడల్లా చేతులు ముందుకి రాలేదు.

ఆఖరిరోజు మధ్యాహ్నం ప్రదర్శన. కాలనీవాళ్ళు యాభై మంది దాకా వచ్చారు. ప్రమీలారాణి వచ్చి ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుంది. సన్యాసిరావు గోడ పక్కన నిలబడ్డాడు, తప్పెట లేకుండా. ఇద్దరూ ఒక ఇంట్లోంచే వచ్చారు, వేరువేరుగా వచ్చారు. జోగే ప్రదర్శన అంతా అయిపోయాక వచ్చింది, చేతిలో తెల్లకాయితం, పెన్ను.

కుర్చీలు తీసేస్తున్న హాల్లో బల్ల మీద పెట్టి, "మీ చేత్తో రాయండి," అంది.

ఆయనకి హిందీ మాట్లాడటం వచ్చు. అక్షరాలు మాత్రం స్టేషను బోర్డులు చూసి నేర్చుకున్నవి. ఒక్కో అక్షరం దిద్దుకుంటూ అరగంట రాశాడు. తన పేరు, తండ్రి పేరు, క్రషర్, తారీకు. సోమారు తాగి లేడు అని రాశాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. హిందీ అక్షరాల్లో 'చా' పెట్టాడు. 'లు' పెట్టాడు. పక్కన ఇంకేదో రాయాలని పెన్ను ఎత్తాడు. ఏం రాయాలో ఆ భాషలో దొరకలేదు. కింద పెట్టేశాడు.

జోగే కాయితం తీసుకుని పైకి చదివింది. గ్రామసభలో ఎలా చదవబోతుందో అలా, నిలబడి, గట్టిగా. ఆ వాక్యం వచ్చింది.

"మైనే చాలూ బోలా థా."

చివర దీర్ఘం తీసి చదివింది. ఆ అక్షరాల్ని వాళ్ళ పల్లెలో ఎవరు చదివినా అలాగే చదువుతారు. నడిపించు అని నేనే అన్నాను అని ఆ కాయితం చెప్తోంది. అన్ని సంవత్సరాలూ ఆయన అనలేదన్న మాట ఇప్పుడు ఆయన చేతిరాతలోనే ఉంది. సన్యాసిరావు నోరు తెరిచాడు. జోగే చదవడం ఆపి చూసింది.

"ఠీక్ హై?"

ప్రమీలారాణి ఎదుటి బెంచీ మీంచి ఆయన్నే చూస్తోంది.

"ఠీక్ హై," అన్నాడు. సంతకం పెట్టాడు.

"సాక్షి కావాలి," అంది జోగే. రామతులసి ముందుకి రాబోయింది. ఈలోగా ప్రమీలారాణి లేచి వచ్చి, అడక్కుండానే పెన్ను తీసుకుంది. తెలుగులో రెండు వరసలు రాసింది. జోగే మొహంలోకి చూడబోయి చూడలేక, కాయితం ఆమె వైపు జరిపి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మొగుడి కోసం ఆగలేదు.

జోగే ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఇదేం రాసిందని అడిగింది. "ఏ క్యా లిఖా, కాకా?"

సన్యాసిరావు వంగి చదివాడు. "ప్రమీలారాణి. జయరావు అక్క."

"ఆప్‌కీ పత్నీ నహీఁ లిఖా?" మీ భార్యనని రాయలేదా అని.

"నహీఁ," అన్నాడు. "నహీఁ లిఖా."